ఖాళీ ఇల్లు, తొలి అప్పు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నంలో కొత్తగా అద్దె ఇల్లు తీసుకుని, దాన్ని సామాన్లతో ఎలా సర్దుకోవాలో తెలియక రాసినవారివి. వాటిలో అయిదింటిని ఇక్కడ ఇస్తున్నాము. నగరంలో చాలాకాలం బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన మా శీర్షిక నిర్వాహకులు జవాబులు రాశారు.

ప్రశ్న: మాది పలాస దగ్గర ఒక పల్లె. రుషికొండ ఐటీ హిల్స్‌లోని ఒక సంస్థలో ఆరు నెలల క్రితం చేరాను. చేతికి నెలకు 27,000 రూపాయలు వస్తాయి. ఇన్నాళ్లూ హాస్టల్లో ఉండి, ఇప్పుడు కొమ్మాదిలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌ను 8,500 రూపాయల అద్దెకు తీసుకున్నాను. సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలు వచ్చి నెల రోజులు ఉంటామంటున్నారు. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బీరువా అన్నీ వాయిదాల మీద తీసుకుందామని ఒక దుకాణానికి వెళ్తే, ఆధార్, పాన్ తీసుకుని కంప్యూటర్‌లో చూసి, 'మీకు సిబిల్ లేదు, లోన్ రాదు' అన్నారు. మరో రెండు దుకాణాల్లోనూ అదే మాట. నేను ఇంతవరకూ ఎవరికీ ఒక్క రూపాయి బాకీ పడలేదు. అప్పు చేయనివాళ్లను నమ్మకపోవడం ఏం న్యాయం? నా దగ్గర 46,000 రూపాయల పొదుపు ఉంది. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, కొమ్మాది)

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ కంప్యూటరు మీరు నమ్మదగినవారు కాదని చెప్పలేదు. మీ గురించి తనకేమీ తెలియదని మాత్రమే చెప్పింది. మీ ఊళ్లో కిరాణా కొట్టు యజమాని మీ నాన్నగారికి అరువు ఇస్తున్నాడంటే, పంట డబ్బు చేతికి రాగానే ఆయన బాకీ తీర్చడం ఏళ్ల తరబడి చూశాడు కాబట్టే ఇస్తున్నాడు. ఆ ఖాతా పుస్తకం విశాఖ దాకా రాదు. ఇక్కడ ఆ పుస్తకం రాసే పనిని 2005 నాటి చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన నాలుగు సంస్థలు చేస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. మొదటిది 2000లోనే ఏర్పడి అందరి నోళ్లలో నలిగింది కాబట్టి మనవాళ్లు నాలుగింటినీ కలిపి 'సిబిల్' అంటున్నారు. బాకీలు ఎంత సక్రమంగా తీరుస్తారో చెప్పే అంకెను స్కోరు అంటారు, అది 300 నుంచి 900 వరకూ ఉంటుంది. మీది తక్కువ స్కోరు కాదు. మీకు ఇంకా స్కోరే పుట్టలేదు. చెడ్డ పేరును చెరిపేసుకోవడం కన్నా కొత్తగా మంచి పేరు తెచ్చుకోవడం ఎంతో తేలిక. రుణాల కోసం నా బల్ల ముందు కూర్చున్నవారిలో మీలాంటి కొత్తవారి కంటే, పాత వాయిదాలు ఎగ్గొట్టి వచ్చినవారి పనే నాకు ఎప్పుడూ కష్టమయ్యేది.

తొలిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రుణ సంస్థలకు సూచించింది. అయినా ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆ సంస్థదే కనుక, ఈ మాట పట్టుకుని దుకాణంలో వాదించడం వల్ల మీకు ఫ్రిజ్ రాదు. ముందుగా మీరు చేయవలసిన పని, నాలుగో దుకాణానికి వెళ్లకుండా ఆగడం. మీరు అప్పుకు దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఆ సంస్థ మీ వివరాలు విచారించినట్టు నమోదవుతుంది. తక్కువ రోజుల్లో ఇలాంటి విచారణలు వరసగా కనబడితే, రేపు చూసేవారికి మీరు డబ్బుకు మహా ఇబ్బందిలో ఉన్నట్టు తోస్తుంది. ఇప్పటికే అలాంటివి మూడు నమోదై ఉండవచ్చు. ఈ సంస్థల దగ్గరున్న మీ అప్పుల నివేదికను మీరే తెప్పించుకుని చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. 2017 నుంచి ఈ నాలుగు సంస్థల్లో ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. కాబట్టి మూడు నెలలకు ఒక సంస్థ చొప్పున ఏడాది పొడవునా రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. ఇల్లు సర్దుకోవడమూ, అప్పు చరిత్ర నిర్మించుకోవడమూ రెండు వేర్వేరు పనులు. దుకాణాలవారు రెండింటినీ ఒకే మూటగా కట్టి మీ చేతిలో పెడతారు. మీరు ఆ మూట విప్పి దేనికదిగా చేయండి. మీ 46,000లో 12,000 రూపాయలను ఏ వస్తువుకూ ముట్టుకోకుండా పొదుపు ఖాతాలోనే ఉంచండి. జీతం ఒక నెల ఆలస్యమైనా అద్దె, భోజనం ఆగకూడదు. ఇంకో 15,000 రూపాయలను మీ జీతం పడే బ్యాంకులోనో, పక్క బ్యాంకులోనో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని హామీ మీద క్రెడిట్ కార్డు అడగండి. చాలా బ్యాంకులు ఇలాంటి కార్డులు ఇస్తున్నాయి. కనీస డిపాజిట్ ఎంతో, ఏటా రుసుము ఉందో లేదో ముందే కనుక్కోండి. మీ డబ్బే హామీగా ఉంటుంది కాబట్టి పాత చరిత్ర అడగరు. డిపాజిట్‌లో ఒక భాగాన్ని కార్డు పరిమితిగా ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది, అయితే కార్డు మూసేదాకా ఆ డబ్బు తీసుకోలేరు.

ఆ కార్డుతో మంచమో బీరువానో కొనవద్దు. పరిమితి 12,000 రూపాయలు అనుకుంటే, నెలకు 3,000 లేదా 3,500 దాటకుండా, మీరు ఎలాగూ పెట్టే ఖర్చులకే వాడండి: కరెంటు బిల్లు, మొబైల్ రీచార్జి, నెల సరుకులు. పరిమితిలో మూడో వంతుకు లోపే వాడుకుంటూ, బిల్లు రాగానే మొత్తం కట్టేయడం మీ పేరు పెంచుతుంది. కార్డుతో ఖర్చు పెట్టిన మొత్తాన్ని అదే రోజు వేరే ఖాతాలోకి మళ్లించి పెట్టుకుంటే, గడువునాటికి వెతుక్కోవలసిన పని ఉండదు. బ్యాంకులు 2025 జనవరి నుంచి మీ వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి ఆ నాలుగు సంస్థలకూ పంపవలసి ఉంది. కాబట్టి మంచయినా, చెడయినా త్వరగానే నమోదవుతుంది. సుమారు ఆరు నెలలు గడిచేసరికి మీ పేరు మీద ఒక స్కోరు కనబడుతుంది.

బిల్లు మీద 'కనీసం కట్టవలసిన మొత్తం' అని ఒక చిన్న అంకె అచ్చవుతుంది. అది మీకు ఊరట కాదు. బాకీ 15,000 ఉందనుకోండి, వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకోండి. వడ్డీ 525 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 94 రూపాయల చిల్లర. అయిదు శాతం లెక్కన మీరు 750 కడితే, అసలులో తగ్గేది 130 రూపాయలే. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు దక్కదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మంచి జీతం ఉన్న ఇళ్లు కూడా ఈ చిన్న అంకెను నమ్మి చితికిపోవడం నేను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మిగిలిన 19,000 రూపాయలతో ఇల్లు మొదలుపెట్టండి. మంచం, పరుపులకు 8,000 దాటనీయకండి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారికి మంచం, మీకు ఒక నవారు మంచమో, మడత మంచమో సరిపోతుంది. వంటకు పొయ్యి, గిన్నెలు, కుక్కర్ కలిపి 5,000. అద్దె ఇంటి పత్రాలు చేతికి రాక గ్యాస్ కనెక్షన్ ఆలస్యమైతే, గుర్తింపు కార్డు చూపి అయిదు కిలోల చిన్న సిలిండర్ తీసుకోవచ్చు. మిగతా 6,000ను రాబోయే రెండు నెలల పొదుపుతో కలిపి ఒక పాత ఫ్రిజ్‌కు ఉంచండి. పాత సామాను చూసుకొనే పద్ధతి ఇదే శీర్షికలో కింద రాశాను. వాషింగ్ మెషీన్, బీరువా సంక్రాంతికి లేకపోతే మీ అమ్మగారేమీ అనుకోరు.

ఆరు నెలలు గడిచి, స్కోరు కనబడ్డాక, అప్పుడు ఒక వస్తువును వాయిదాల మీద తీసుకోండి. అయితే ఆ వస్తువు పూర్తి ధర మీ ఖాతాలో ఉన్నప్పుడే తీసుకోండి. డబ్బు లేక చేసే తొలి అప్పు మిమ్మల్ని ఆ దుకాణం చెప్పిన ధరకే, ఆ సంస్థ చెప్పిన షరతుకే తలవంచేలా చేస్తుంది. డబ్బు ఉండి చేసే తొలి అప్పులో బేరం మీ చేతిలో ఉంటుంది. 'నో కాస్ట్' వాయిదా అంటే అడగవలసిన ప్రశ్న ఒకటే: 'నగదు ఇస్తే ఎంతకు ఇస్తారు?' ఫ్రిజ్ నగదుకు 22,500, వాయిదాల్లో 4,000 చొప్పున ఆరు నెలలు, అంటే 24,000 అనుకోండి. వడ్డీ లేదన్నచోట మీరు కడుతున్నది ఏడాదికి 22 శాతానికి పైబడిన వడ్డీ. ప్రాసెసింగ్ రుసుము దానికి అదనం. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదనీ, వడ్డీని రుసుముల్లో దాచిపెడుతున్నారనీ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. నగదు ధరా, వాయిదాల మొత్తమూ ఒకటే అయి, రుసుము లేకపోతేనే సంతకం చేయండి.

ప్రశ్న: నాతో పాటు అక్కయ్యపాలెంలో గది పంచుకుంటున్న మిత్రుడికి వచ్చే నెల పెళ్లి. కొత్త కాపురానికి ఫ్రిజ్, టీవీ నా పేరు మీద వాయిదాల్లో తీసివ్వమంటున్నాడు. తనే నెలనెలా కడతానంటున్నాడు. అది కుదరకపోతే అప్పుకు హామీ సంతకం అయినా చేయమంటున్నాడు. కాదనలేకపోతున్నాను.
(ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం)

జవాబు: మీ పేరు మీద తీసుకుంటే అది మీ అప్పే. మీ మిత్రుడు అందులో ఎక్కడా లేడు. ఆయనకు ఒక నెల జీతం రాకపోతే ఆలస్యం మీ పేరు మీద పడుతుంది, రేపు మీరు ఇంటి రుణానికి వెళ్లినప్పుడు ఆ గుర్తు కనబడుతుంది. హామీ సంతకం కూడా తేలికైన మాట కాదు; హామీదారుగా మీ నివేదికలో ఆ అప్పు కనబడుతుంది, ఆయన కట్టకపోతే మీరు కట్టాలి. స్నేహం కోసం ఏదైనా చేయాలనుకుంటే, తిరిగి రాకపోయినా మీకు ఇబ్బంది లేని మొత్తాన్ని పెళ్లి చదివింపుగా చేతిలో పెట్టండి. 'నా సిబిల్ ఇంకా కొత్తది, ఇప్పుడు దాన్ని కదపలేను' అని చెబితే నిజమే చెప్పినట్టవుతుంది, మిత్రుడి మనసూ కష్టపడదు.

ప్రశ్న: మేము కంచరపాలెంలో ఉంటాము. పిల్లలు చిన్నవాళ్లు. కొత్త సామాన్లు కొనే స్తోమత లేదు. పాత ఫ్రిజ్, బీరువా, మంచం కొనాలనుకుంటున్నాము. మా అత్తగారు పాతవి ఇంటికి అచ్చిరావంటున్నారు. మోసపోకుండా కొనే మార్గం చెప్పండి.
(ఒక గృహిణి, కంచరపాలెం)

జవాబు: అత్తగారితో వాదించకండి. శుభ్రంగా కడిగి, పసుపు కుంకుమ పెట్టి లోపలికి తీసుకురండి. పనికొచ్చే మంచం ఇంట్లో ఉంటే నాలుగు రోజుల్లో ఆవిడే దాని మీద కూర్చుంటారు.

పాత సామాను కొనడానికి విశాఖలో ఒక సదుపాయం ఉంది. ఇది బదిలీల ఊరు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, రైల్వే, బ్యాంకులు ఇన్ని ఉన్నచోట, ఏప్రిల్, మే నెలల్లో పిల్లల చదువులు ముగియగానే ఎన్నో కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేస్తాయి. దూరం వెళ్లేవారికి లారీ కిరాయి పెట్టి పెద్ద సామాను మోసుకుపోవడం గిట్టదు. అలాంటప్పుడు అమ్మేవారికి ధర కన్నా తేదీ ముఖ్యం. మీకు తెలిసిన అపార్టుమెంటు వాచ్‌మన్లకు, ప్యాకింగ్ పనివారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పాత సామాను దుకాణానికి చేరిన తర్వాత అదే వస్తువుకు దళారి లాభం కలుస్తుంది.

బదిలీల పేరు చెప్పి జరిగే మోసం కూడా ఒకటి ఉంది, దాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో ప్రకటన చూసి పిలిస్తే, అవతలివాడు తాను సైన్యంలోనో, నౌకాదళంలోనో ఉన్నానని, బదిలీ అయిందని, సామాను బండి ఎక్కించేశానని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతాడు. రవాణాకు కొంత అడ్వాన్సు పంపమంటాడు, లేదా ఒక క్యూఆర్ కోడ్ పంపి దాన్ని స్కాన్ చేయమంటాడు. వస్తువును కళ్లతో చూసి, చేత్తో తాకి చూడకుండా ఒక్క రూపాయి పంపకండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే దాన్ని ఆపే అవకాశం అంత ఎక్కువ.

వస్తువు దగ్గరకు వెళ్లాక మన ఊరి గాలిని మరిచిపోకండి. ఉప్పు గాలి ఇనుమును పైనుంచి కాదు, మూలల నుంచి తింటుంది. బీరువా తలుపులు మెరుస్తున్నా, వంగి కాళ్లనూ, అడుగు రేకునూ, వెనక పక్కనూ చూడండి. రంగు పొక్కి, గోరుతో గీస్తే పొరలుగా రాలితే ఆ బీరువా వద్దు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి వచ్చిన వాటిని రెట్టింపు జాగ్రత్తతో చూడాలి. మంచం చెక్కదైతే కాళ్ల కింద, పలకల కీళ్ల దగ్గర మెత్తటి పొడి రాలుతోందేమో చూడండి; రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే, చెద అయితే మట్టి గీతలు కనబడతాయి. రంపపు పొట్టు అదిమి చేసిన పలకల మంచాలు, అల్మరాలు పాతవి అసలు కొనవద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిన తర్వాత మా వీధిలో ఇళ్ల ముందు పడేసిన సామానులో ఎక్కువ భాగం అవే. నీరు తగలగానే ఉబ్బి, మళ్లీ ఏ మేకునూ పట్టుకోలేదు. ఆ పక్కనే తడిసిన టేకు కుర్చీలను ఎండలో పెట్టి మళ్లీ వాడుకున్నారు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దొరికితే, వడ్రంగి కూలి ఇచ్చి సాదా మంచం చేయించుకోవడం దుకాణంలో కొత్త పలకల మంచం కొనడం కన్నా చాలాసార్లు లాభమే.

ఫ్రిజ్ దగ్గర తొందర వద్దు. వెళ్లేసరికే స్విచ్ వేసి ఉండాలని ముందే చెప్పకండి. మీ ఎదుటే వేయించి, కనీసం అరగంట అక్కడే కూర్చుని ఐసు పెట్టె చల్లబడుతోందా, మోటారు శబ్దం సమంగా ఉందా చూడండి. తలుపు రబ్బరులో ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి. కాగితం తేలికగా జారిపోతే ఆ రబ్బరు మార్చాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. వెనకనున్న గొట్టాలు తుప్పు పట్టి ఉంటే గ్యాస్ కారడానికి ఎక్కువ కాలం పట్టదు. తయారైన సంవత్సరమూ, స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో రాసిన అంకె చూడండి. మరీ పాత ఫ్రిజ్ ఎంత చవకగా వచ్చినా కరెంటు బిల్లులో దాని ధర మళ్లీ కడతారు. ఇంటికి తెచ్చాక నిలువుగా ఉంచి కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి. చివరగా, ఎంత తెలిసినవారైనా తెల్ల కాగితం మీద వస్తువు పేరు, ధర, తేదీ రాయించి సంతకం తీసుకోండి.

ప్రశ్న: గాజువాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా పనిచేస్తున్నాను. సోఫా, బీరువా, డైనింగ్ బల్ల కలిపి 30,000 రూపాయలకు మా వీధిలోని దుకాణం ఇస్తానంటోంది. నూటికి రూపాయి వడ్డీ, నెలకు 2,800 చొప్పున 12 నెలలు. మా ఆవిడ డ్వాక్రాలో ఉంది, చీటీ కూడా వేస్తోంది. చీటీ డబ్బు వచ్చేదాకా ఆగుదామంటోంది. దుకాణానికి సక్రమంగా కడితే నాకు సిబిల్ వస్తుంది కదా అని నా ఆలోచన.
(ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: మీ శ్రీమతి చెప్పినట్టే చేయండి. రూపాయి వడ్డీ అని వినగానే మనకు ఏడాదికి 12 శాతమే కదా అనిపిస్తుంది. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద తీసుకున్నప్పుడు అసలు మొత్తం ఏడాది పొడవునా మన దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. వాయిదాల్లో అలా కాదు. మొదటి నెల తర్వాత మీ చేతిలో ఉన్న అప్పు 30,000 కాదు, నెలనెలా తరిగిపోతుంది. పన్నెండో నెలకు మిగిలేది ఒక్క వాయిదా సొమ్మే. అయినా వారు పన్నెండు నెలలూ 30,000 మీదే వడ్డీ లెక్కగట్టి 3,600 తీసుకుంటున్నారు. తరుగుతున్న అసలు మీద లెక్కిస్తే అది ఏడాదికి 21 శాతం పైమాటే. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే రుణాలకు 2024 అక్టోబరు 1 నుంచి ముఖ్య వివరాల పత్రం ఒకటి తప్పనిసరి అయింది. రుసుములన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంత శాతమో దానిలో రాసి ఉంటుంది. ఏ ఫైనాన్స్ సంస్థ దగ్గరకైనా వెళ్తే ఆ పత్రం అడిగి, ఆ ఒక్క శాతాన్నే పోల్చండి.

ఇక సిబిల్ మాట. దుకాణం తన సొంత డబ్బుతో, తన చిట్టా పుస్తకంలో రాసుకుని ఇచ్చే అరువు, మొదటి జవాబులో చెప్పిన నాలుగు క్రెడిట్ సంస్థల్లో దేనికీ చేరదు. పన్నెండు నెలలు ఒక్క రోజు తప్పకుండా కట్టినా మీ పేరు మీద ఏమీ రాయబడదు. చీటీ కట్టినదీ అక్కడ కనబడదు, కానీ చీటీ మీ పొదుపు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైనదే అయితే సామాను కొనడానికి అది మంచి మార్గం. నమోదు కాని చీటీ అయితే మాత్రం ఆవిడతో ఈ రోజే మాట్లాడండి.

మీరు గమనించని విషయం ఇంకొకటి ఉంది. డ్వాక్రా లాంటి స్వయం సహాయక సంఘాల అప్పులను సభ్యుల వారీగా క్రెడిట్ సంస్థలకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు 2016లోనే బ్యాంకులను ఆదేశించింది. అంటే మీ ఇంట్లో మంచి చరిత్ర ఇప్పటికే తయారై ఉండే అవకాశం ఎవరికైనా ఉంటే, అది మీ శ్రీమతికే. ఆమె పాన్‌తో ఉచిత నివేదిక తెప్పించి చూడండి. భర్త చరిత్ర భార్యకు గానీ, భార్యది భర్తకు గానీ రాదు. రేపు ఆమె కుట్టు మిషన్లకో, చిన్న వ్యాపారానికో తన పేరు మీద రుణం అడగదలిస్తే ఆ నివేదికే ఆమెకు అండ. సోఫా కన్నా ముందు ఆ సంగతి చూడండి.

ప్రశ్న: పెందుర్తిలో కొత్తగా ఇల్లు పెట్టినప్పుడు ఒక దుకాణంలో టీవీని ఎనిమిది వాయిదాల మీద తీసుకున్నాను. ఇదే నా జీవితంలో మొదటి అప్పు. పది రోజులకే తెర మీద గీతలు వచ్చాయి. తిరిగి ఇచ్చేశాను. దుకాణం తీసుకుంది, వేరేది ఇస్తామని తిప్పుతోంది. కోపంతో ఖాతాలో డబ్బు ఉంచడం మానేశాను. ఇప్పుడు ఫైనాన్స్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. సగం కడితే సెటిల్ చేస్తామంటున్నారు. కట్టేయమంటారా?
(ఒక పాఠకుడు, పెందుర్తి)

జవాబు: సగానికి ఒప్పుకోకండి. 'సెటిల్డ్' అన్న మాట మీ నివేదికలో పడితే, పూర్తిగా తీర్చని అప్పుగా అది చాలాకాలం కనబడుతుంది. మీ తొలి అప్పే అలా నమోదు కావడం మీకు మంచిది కాదు. మీరు చేసిన పొరపాటు కోపం కాదు, ఇద్దరిని ఒకరే అనుకోవడం. టీవీ అమ్మింది దుకాణం. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ సంస్థ. టీవీ వెనక్కి వెళ్లినా, దుకాణం ఆ డబ్బును ఫైనాన్స్ సంస్థకు తిరిగి పంపి, వారు రుణం రద్దు చేసేదాకా వాయిదా నడుస్తూనే ఉంటుంది.

ఈ వారంలోనే ఆగిపోయిన వాయిదాలు కట్టి, దుకాణంతో వివాదం ఉందనీ, అభ్యంతరం తెలుపుతూనే కడుతున్నాననీ ఈమెయిల్‌లో రాయండి. ఎంత కట్టాలో లిఖితంగా అడగండి. ఆలస్యానికి వేసే అపరాధ రుసుమును అసలుకు కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేయడం 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నియమానికి విరుద్ధం. లెక్కలో అలా ఉంటే అభ్యంతరం చెప్పండి.

దుకాణం సంగతి వేరుగా తేల్చుకోండి. టీవీ తీసుకున్నట్టు వారిచ్చిన రసీదు, బిల్లు, గీతలున్న తెర ఫొటో, మీరు పంపిన సందేశాలు ఒకచోట పెట్టి, గడువు ఇస్తూ లేఖ రాయండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915లో ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వస్తువులకు అక్కడ రుసుము ఉండదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, అయితే రెండేళ్ల లోపు వెళ్లాలి.

బాకీ తీరిన తర్వాత కూడా నివేదికలో ఇంకా బాకీ ఉన్నట్టే కనబడితే, ఆ క్రెడిట్ సంస్థకూ, ఫైనాన్స్ సంస్థకూ ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ఫైనాన్స్ సంస్థ 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు న్యాయంగా తోచకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి. అప్పు పూర్తిగా తీరిన రోజున బాకీ లేదన్న పత్రం అడిగి తీసుకుని, టీవీ బిల్లుతో కలిపి దాచండి. అది చేతికి వచ్చిన నెల రోజులకు మీ నివేదికను మరోసారి తెప్పించి, ఆ అప్పు ఎదురుగా 'క్లోజ్డ్' అని ఉందో లేదో చూసి మాకు రాయండి.